నలభై ఒకటో బిళ్ళ

ఆ రోజు ఎలియా ఆ బిళ్ళను కావాలనే నా కోటులో పెట్టాడా, చేతికి అందినదాన్ని పెట్టాడా? తొమ్మిదేళ్ళపాటు ఈ సందేహం నాతోనే లేచింది, నాతోనే పడుకుంది. పొద్దున్నే అప్పన్న పటం ముందు దీపం వెలిగించేటప్పుడు కూడా ముందు అదే గుర్తొచ్చేది, తర్వాతే దేవుడు.

అడిగితే తేలిపోయేది. అడగడానికి మూడు వారాల సమయం దొరికింది. అడగలేదు.

నా పేరు జోగారావు. సింహాచలం కొండ ఇవతలి వాలున ఉన్న ఒక పరిశోధనశాలలో స్టోర్ కీపరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐ. మనుషుల ఒంటికి తీగలు అంటించడం, పరికరాలు తుడిచి పెట్టడం, బిళ్ళలకు నంబర్లు రాసి అలమారాలో సర్దడం నా పని.

బిళ్ళ అంటే చొక్కా బొత్తామంత ఉంటుంది. ఒక్కో బిళ్ళలో ఒక మనిషి పద్దెనిమిది సెకన్ల పాటు పడ్డ అవమానం ఉంటుంది. మాటలుండవు, బొమ్మలుండవు. ఒళ్ళు పడ్డ బాధ ఒక్కటే ఉంటుంది. గుండె పట్టేయడం, చెవులు వేడెక్కడం, గొంతులో ముద్ద అడ్డం పడటం. ఛాతీకి పట్టీ కట్టుకుని తిరిగేవాడి దగ్గర ఆ బాధ బిళ్ళలోకి ఎక్కుతుంది. తర్వాత ఆ బిళ్ళను కోటులో పెట్టి ఎవరు తొడుక్కుంటే వాళ్ళ ఒంట్లోకి అదే బాధ దిగుతుంది.

దీన్ని కనిపెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా డాక్టర్ విశాలాక్షిగారు. రెండోవాడు ఆవిడ దగ్గర పరిశోధన చేయడానికి టాంజానియా నుంచి వచ్చిన ఎలియా. రంగు చూసి మనిషిని తక్కువ చేసేవాడికి అవతలివాడి బాధ ఒక్కసారి తెలిస్తే చాలు, మారిపోతాడని వాళ్ళ ఆశ. వినగానే నాకూ నిజమే అనిపించింది.

ఎలియా మా ఊరికి వచ్చిన నెలలో పదకొండు ఇళ్ళు చూశాడు. ప్రతి ఇంటికీ టులెట్ బోర్డు ఉంది, అతను గేటు తీసేసరికి ప్రతి ఇంట్లోనూ గది నిండిపోయింది. విశాలాక్షిగారు నన్ను పిలిచి, "మీ మేడమీద గది ఖాళీయే కదండీ?" అన్నారు. కాదనలేకపోయాను. ఇచ్చాక మాత్రం గర్వపడ్డాను. పదకొండుమంది ఇవ్వనిది నేను ఇచ్చానని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

మా మెట్ల పక్కన గోడలో ఒక గూడు ఉంది. అందులో ఒక స్టీలు గ్లాసు. మా నాయనమ్మ నాటి నుంచి అంతే. వీధి ఊడ్చే నూకాలు దాహమంటే అందులోనే పోసేవాళ్ళం. ఎలియా వచ్చిన రోజున మంచినీళ్ళు అడిగితే నా చెయ్యి దానంతటదే ఆ గూటివైపు వెళ్ళింది. ఆలోచించి చేసింది కాదు. ఆలోచించి ఉంటే చేసేవాణ్ణి కానేమో అని తర్వాత అనుకునేవాణ్ణి. అదీ నాకు నేను చెప్పుకున్న మాటే.

అతని తెలుగులో సగం నూకాలు దగ్గర నేర్చుకున్నదే. రోజూ పొద్దున్న మెట్ల మీద కూర్చుని ఆవిడతో కబుర్లు చెప్పేవాడు. ఆవిడకు ఎలియా అనడానికి నోరు తిరగక ఎల్లయ్య అనేది. ఒకరోజు గ్లాసు ఎత్తి పట్టుకుని అడిగాడు.

"బాబాయ్‌గారూ, ఈ గ్లాసు ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపే నూకాలు చీపురుకు ఆనుకుని నవ్వింది. "నాదీ నీదీని ఎల్లయ్య బాబూ! మనిద్దరం ఒకే గలాసు సుట్టాలం. ఇంకెవులూ ముట్టరు, బెంగెట్టుకోకు."

ఎలియా నవ్వాడు. నేనూ నవ్వాను.

ప్రయోగం మొదట్లో సాగలేదు. ఎలియా పట్టీ కట్టుకుని పది రోజులు ఊరంతా తిరిగాడు. బిళ్ళలన్నీ ఖాళీగా వచ్చాయి. పూర్ణా మార్కెట్‌లో కుర్రాళ్ళు ఇతన్ని చూసి, "ఒరే, కరెంటు పోయిందేట్రా?" అని ఇకిలించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అంత మాటకీ యంత్రంలో గీత కదలలేదు.

"పట్టీ పాడైనట్టుంది," అన్నారు విశాలాక్షిగారు.

"పట్టీ బాగానే ఉంది మేడం. నేనే మింగేస్తున్నాను."

"మింగడమేమిటి?"

"ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను. మాట చెవిదాకా వస్తుంది. లోపలికి వెళ్ళేలోపు మింగేసి నవ్వుతాను. లేకపోతే బజారుకెళ్ళి టమాటాలెలా కొనుక్కుంటాను?"

ఆ మాట మీద వాళ్ళిద్దరూ నెల రోజులు పనిచేశారు. చివరికి మెడ ఎముక దగ్గర అంటించే ఒక చిన్న మీట తయారుచేశారు. అవమానం తగలగానే అది సన్నటి విద్యుత్తు పంపి, ఒళ్ళు ఆ బాధను మింగకుండా పద్దెనిమిది సెకన్లు పట్టి ఉంచుతుంది. "పద్దెనిమిదే. ఆ తర్వాత మామూలే," అన్నారు విశాలాక్షిగారు. ఎలియా తలూపాడు. మీటను అతని మెడ దగ్గర నా చేతులతోనే అంటించాను. చేతికి తొడుగులు వేసుకోవడం పరిశోధనశాల నియమం. ఇంటికెళ్ళగానే తలస్నానం చేయడం నా నియమం.

బిళ్ళలు నిండసాగాయి. చెప్పులు కుట్టించుకోవడానికి వెళ్తే ఒకటి. సినిమా హాలు వరసలో ఒకటి. టిఫిను బండి దగ్గర దొరికిన ఇరవై ఆరో బిళ్ళ గురించి అతనే చెప్పాడు. ఒక తల్లి పిల్లకు ఇడ్లీ పెడుతూ, "తినకపోతే ఆ బూచాడికి ఇచ్చేస్తాను," అందట.

"ఆ పిల్ల అంతకుముందు నన్ను చూసి నవ్వుతోంది బాబాయ్. వాళ్ళమ్మ చెప్పాకే ఏడ్చింది."

బిళ్ళ మీద నంబరు వేస్తూ, "పోనీలే నాయనా, తెలియక," అన్నాను.

"ఆ పిల్లకి తెలియదు. అవును," అన్నాడు.

ఏప్రిల్ చివర్లో మా చందనయాత్ర వచ్చింది. సింహాద్రి అప్పన్న ఏడాదంతా గంధం పూతలో ఉంటాడు. ఆ ఒక్క రోజే పూత వొలిచి నిజరూపం చూపిస్తారు. ముందురోజు ఎలియా అడిగాడు, మిగతా రోజులు ఎందుకు చూపించరని.

"ఉగ్రస్వామి నాయనా. మనం తట్టుకోలేం. అందుకే గంధం."

"అయితే మా మీటలాంటి రోజన్నమాట రేపు," అని నవ్వాడు. నాకు కోపం రాలేదు. దేవుడి గురించి అంత శ్రద్ధగా మా వీధిలో ఇంకెవరూ నన్ను అడిగింది లేదు.

మర్నాడు ఏడు గంటలు వరసలో నిలబడి దర్శనం చేసుకున్నాను. కళ్ళు చెమర్చాయి. ఆ పారవశ్యంలోనే సాయంత్రం ఇల్లు చేరాను. మెట్ల దగ్గర ఎలియా పసుపు మూత డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ పండగ కదా. మా అమ్మ చెప్పినట్టు చేశాను. మండాజీ అంటాం. మైదా, కొబ్బరిపాలు, యాలకులు. గుడ్డు లేదు బాబాయ్‌గారూ. నూనె కొత్తది. మూకుడు కూడా కొత్తదే కొన్నాను."

మూకుడు కూడా కొత్తది కొన్నాడు. మా ఇంటి సంగతి అతనికి అంత బాగా తెలుసు. రెండు చేతులతో అందుకుని, "చాలా సంతోషం నాయనా," అన్నాను.

లోపల మా ఆవిడ భ్రమరాంబ మూత తీసింది. వంటిల్లంతా యాలకుల వాసన. "అచ్చు మన బూరెల్లా ఉన్నాయండీ! ఒకటి నోట్లో వేసుకుందామా?"

"స్వామిని చూసొచ్చిన ఒళ్ళు. ఏ చేత్తో చేశాడో."

"చేత్తో కాక కాల్తో చేస్తారేమిటి ఎవరైనా?" అంది మా ఆవిడ.

డబ్బా పట్టుకుని పక్క సందులోకి వెళ్ళి చెత్తతొట్టిలో బోర్లించాను. నూకాలు బండి తోసుకుంటూ అటే వస్తోంది. ఆవిడ వెనకాల తిరిగే కుక్క అప్పటికే తొట్టిలో మూతి పెట్టింది.

"తినే సొత్తు కుప్పలో ఏసేస్తన్నారేటి బాబూ? నాకిచ్చినా తిందును కదా!"

"పాడైపోయాయే," అన్నాను.

వెనక్కి తిరిగి తలెత్తి చూశాను. మెట్ల మలుపులో ఎవరూ లేరు. పైన తలుపు మాత్రం మెల్లగా మూసుకుంటోంది. గాలికే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న అతను అడగలేదు. నేనే చెప్పాను. "నిన్నటివి చాలా బాగున్నాయి నాయనా. నేను రెండు తిన్నాను."

ఎలియా మెట్ల మీంచి లేచాడు. "మా అమ్మకి చెబుతాను," అన్నాడు.

ఇక ఆ డబ్బా. ఒకరి డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. పిడికెడు అటుకులైనా వేసి ఇవ్వాలి. "పులిహోర కలిపి ఇచ్చేద్దామండీ," అంది భ్రమరాంబ. మా గరిటె ఆ డబ్బాకు తగలాలి కదా అని నేను రేపు రేపు అన్నాను. ఖాళీగా ఇవ్వడానికి ఆచారం ఒప్పుకోలేదు, నింపడానికీ అదే ఒప్పుకోలేదు. డబ్బా మెట్ల కింద అరలోకి చేరింది. కొన్నాళ్ళకి బట్టలారేసే క్లిప్పులు అందులో పడ్డాయి.

వారం తర్వాత కోటును మనుషుల మీద పరీక్షించడం మొదలైంది. ముందు మా సిబ్బందే. నా వంతు వచ్చేసరికి విశాలాక్షిగారు, "పెద్దాయన, చిన్నదేదైనా పెట్టు ఎలియా," అన్నారు. అతను అలమారా ముందు వీపు ఇటు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా కోటులో ఒక బిళ్ళ దూర్చి, కోటు స్విచ్చి నొక్కాడు.

ముందు సంతోషం లాంటిదేదో వచ్చింది. పలక మీద అక్షరం దిద్ది, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూసే చంటివాడి సంతోషం. ఆ వెంటనే కాలి కింద మెట్టు ఎవరో లాగేసినట్టయింది. ఛాతీ బిగిసిపోయింది. ఎవరి మీదా కోపం రాలేదు, వచ్చి ఉంటే బతికిపోయేవాణ్ణి. నా చేతుల్ని చూసుకుంటే నాకే అసహ్యం వేసింది. వాటిని ఎక్కడైనా దాచేయాలనిపించింది. చంకల్లో పెట్టుకున్నాను. పద్దెనిమిది సెకన్లు అయిపోయినా తీయలేకపోయాను. ఏడ్చాను.

"ఇంత పైకి ఏ బిళ్ళలోనూ వెళ్ళలేదు!" అన్నారు విశాలాక్షిగారు గీత చూస్తూ. "ఇది ఎక్కడిది ఎలియా?"

బిళ్ళ మీద ఎలియా రాసిన చీటీ నేనే అతికించి ఉంటాను, చదవకుండానే. అప్పుడు చదివాను. నలభై ఒకటి. ఇంటి మెట్లు. సాయంత్రం ఐదూ పది.

"గుర్తులేదు మేడం," అన్నాడు ఎలియా.

"ఎవరైనా కొట్టారా నిన్ను? చెప్పవేం?"

అతను యంత్రం ఆపేశాడు. నా వైపు చూశాడో లేదో తెలియదు, నేను తల ఎత్తలేదు. ఆవిడ పుస్తకంలో, "దాడి కావచ్చు," అని రాసుకున్నారు. అక్కడ నేను నోరు విప్పాలి. కోటు విప్పాను, తుడిచాను, అలమారాకు తాళం వేశాను.

ఆ తర్వాతి మూడు వారాల్లో తెలిసింది, మీట తీసేసినా ఎలియాకు మింగడం తిరిగి రాలేదని. పద్దెనిమిది సెకన్ల తర్వాత మామూలే అన్న మాట తప్పు. ఇప్పుడు ప్రతిదీ లోపలిదాకా తగులుతోంది. ఆటో ఆపకుండా వెళ్ళిపోతే రోడ్డు పక్కన కూలబడిపోయేవాడు. కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేస్తే, సరుకు అక్కడే వదిలేసి వచ్చేసేవాడు. విశాలాక్షిగారు ప్రయోగం ఆపించి మందులు ఇప్పించారు. బయటికి వెళ్ళవద్దన్నారు. గదిలోనే ఉంటే మనిషి ఎలా బతుకుతాడు?

భ్రమరాంబ చారూ అన్నం కలిపి పైకి పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. "మన కంచంలోనే పెట్టాను. ఏమంటారో అనండి," అంది నాతో. రెండుసార్లు మెట్లు సగం దాకా ఎక్కాను. అతనూ ఒకసారి కిందికి వచ్చి, నేను జపంలో ఉన్నానని చూసి వెళ్ళిపోయాడట. నిజానికి ఆ వేళకు జపం అయిపోయింది. అడుగుల చప్పుడు విని కళ్ళు మూసుకున్నాను.

ఒక సోమవారం మందుల కోసం పరిశోధనశాలకు వచ్చి, సిటీ బస్సులో తిరిగి బయలుదేరాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. చివరి స్టాపులో కండక్టరు, "దిగాలి బాబూ," అని భుజం తట్టాడు. లేవలేదు.

"బస్సు కిటకిటలాడిపోయిందండి," అని ఆ కండక్టరే నాకు తర్వాత చెప్పాడు. "ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటా నించున్నారు. ఆ అబ్బాయి పక్క సీటు మాత్రం ఆఖరిదాకా ఖాళీయేనండి."

గుండె ఆగిపోయిందని ఆసుపత్రి కాగితంలో రాశారు. ఎందుకు ఆగిందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

విశాలాక్షిగారు ఏడాదిపాటు ఆ ప్రయోగాల గది తలుపు తీయనివ్వలేదు. తర్వాత, అతని పని వృథా పోకూడదని మళ్ళీ మొదలుపెట్టారు. కొత్త బిళ్ళలు ఎవరి దగ్గరా తీయనని ఒట్టు పెట్టుకున్నారు. ఉన్నవాటికే నకళ్ళు తీయించారు. కోటు పోలీసు శిక్షణలోకి వెళ్ళింది, బడిపంతుళ్ళకు వెళ్ళింది, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ సంఘానికి వెళ్ళింది. అన్నిచోట్లా ఎక్కువగా అడిగింది నలభై ఒకటో బిళ్ళనే. దానికి ఏడవనివాడు లేడు. ఎలియాను ఎవరో చీకట్లో పట్టుకుని కొట్టారని, బట్టలు చింపారని, ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పుకున్నారు. అవన్నీ వింటూ ఒక్కో కోటూ తుడిచి మడతపెట్టేవాణ్ణి.

ఏడ్చినవాళ్ళు మారారా? ఒక పెద్దమనిషి కోటు విప్పి, కళ్ళొత్తుకుని, "పుణ్యస్నానం చేసినట్టుందయ్యా," అన్నాడు. బయటికెళ్ళి తన డ్రైవర్ని, "ఒరే నల్లోడా, బండి తియ్," అన్నాడు. నెల తర్వాత పరీక్షిస్తే అందరూ ఎప్పటి మనుషులే. కొందరు ఇంకా ముదిరారు. మేమూ ఆ బాధ పడ్డాం కదా, ఇక మాకెవరూ చెప్పక్కర్లేదన్నట్టు.

"బాధ తెలిస్తే మనిషి మారతాడనుకున్నాం జోగారావుగారూ," అన్నారు విశాలాక్షిగారు ఒకరోజు ఆ లెక్కలు ముందేసుకుని. "ఇన్నాళ్ళూ తెలియకనేనా?"

నాకు తెలుసు కదా, తెలియక కాదని. సర్వత్రా ఉన్నాడని రోజూ పొద్దున్న చదివే నేను, ఆ సాయంత్రం ఆయన్ని డబ్బా మూత దగ్గర ఎందుకు ఆపేశాను? ఈ ప్రశ్న అప్పన్నను చాలాసార్లు అడిగాను. ఆయన గంధం వెనక ఉండిపోయాడు.

నేను రిటైరయ్యాక కూడా బిళ్ళల అలమారా చూసుకోవడానికి వెళ్తూనే ఉన్నాను. కిందటి ఏడు ఎలియా అక్క వచ్చింది. పేరు ఉపెందో, వాళ్ళ ఊళ్ళో నర్సు. తమ్ముడి బిళ్ళలు ఇక ముందు కూడా వాడుకోవడానికి ఇంటివాళ్ళ సంతకం కావాలని మావాళ్ళు పిలిపించారు. పొడవైన మనిషి. కూర్చునే తీరు అచ్చు ఎలియాదే. అందరి చెవుల్లోనూ అనువాదం చేసే గుండీలు పెట్టారు. నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

"సంతకం పెట్టేముందు నాకొకటి తెలియాలి," అంది ఉపెందో. "మీరు దాడి అని రాసి పంపిన నలభై ఒకటిలో నా తమ్ముణ్ణి కొట్టిందెవరు? మా అమ్మ తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ముఖం ఊహించుకుంటోంది. ఒక్కో రోజు ఒక్కో ముఖం. అది తెలియకుండా వెళ్ళి ఆవిడ ముందు నిలబడలేను."

"మాకూ తెలియదమ్మా. వాడు చెప్పలేదు," అన్నారు విశాలాక్షిగారు.

పళ్ళెం బల్ల మీద పెట్టాను. నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. ఆ తల్లి మాత్రం ఇంకో ముఖాన్ని వెతుక్కుంటుంది. నిన్నటిదాకా నాకు ఆ తల్లి లేదు, సందేహం ఒక్కటే ఉంది. ఇప్పుడు ఉంది.

"అమ్మా, నేను చెబుతాను," అని మొదలుపెట్టాను. నా మాట గుండీలో పడి, ఆమె భాషలో నున్నగా వినిపిస్తోంది కాబోలు, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ యంత్రం మీ మాటను ఇస్త్రీ చేసి పంపుతోంది. మీ గొంతుతో చెప్పండి." తన చెవి గుండీ తీసేసింది. నేనూ తీసేశాను.

నా ఇంగ్లీషు స్టోరు పుస్తకం వరకే. "మేడం. నో బీటింగ్," అన్నాను. "యువర్ బ్రదర్ గివ్ స్వీట్. ఐ త్రో. డాగ్ ఈట్. మార్నింగ్ ఐ టెల్, వెరీ నైస్."

కొట్టలేదమ్మా, పెట్టిన తినుబండారం పారేశాను, కుక్క తింది, మర్నాడు బాగున్నాయని చెప్పాను. అంతే కదా జరిగింది. దాచుకోవడానికి సరిపడా భాష లేకపోవడం ఆ పూట నాకు మేలే చేసింది.

విశాలాక్షిగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఉపెందో నా వైపు వంగింది.

"మండాజీ?" అంది.

"యెస్ మేడం. మండాజీ."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మళ్ళీ చెవికి గుండీ తగిలించుకుని, సంచిలోంచి ఫోను తీసింది. ఆ ఏప్రిల్ నుంచి తమ్ముడు రాసినవన్నీ దాచిందట. రెండు చదివింది.

మొదటిది చందనయాత్ర మర్నాటిది. "అమ్మతో చెప్పు. ఇంటివాళ్ళు మండాజీలు తిన్నారు. పెద్దాయన రెండు తిన్నాడు."

"అమ్మ ఆ ఆదివారం చర్చి అంతా చెప్పుకుంది," అంది ఉపెందో. "ఇండియాలో నా చేతి వంట తింటున్నారని. ఇప్పటికీ చెబుతుంది."

రెండోది వారం తర్వాతది. "అక్కా, ఈ రోజు ఒక పెద్దాయనకు కావాలనే నొప్పి పెట్టాను. ఏడ్చాడు. నా మనసు చల్లబడుతుందనుకున్నాను. నా నొప్పి ఏమీ తగ్గలేదు, ఇద్దరికీ అయింది, అంతే. నేను చేసిన యంత్రం మీదే నాకు నమ్మకం పోయింది. ఆయనతో మాట్లాడాలి. ముందు ఆయనే వస్తాడేమో రెండు రోజులు చూస్తాను."

చూశాడు. రెండు రోజులు కాదు, మూడు వారాలు చూశాడు. కళ్ళు మూసుకుని జపం నటిస్తున్న నన్ను చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సంతకం కాగితం వెనక్కి తోసేసింది ఉపెందో. "నలభై ఒకటి చెరిపేయండి. నకళ్ళు కూడా."

"అది పోతే మిగతావాటికి అంత బలం లేదమ్మా," అన్నారు విశాలాక్షిగారు మెల్లగా.

"నొప్పి నా తమ్ముడిది. అది ఎవరెవరి ఒంటి మీదో తిరగనక్కర్లేదు, నేను తీసుకుపోతాను. చేసిన పని ఈయనది. అది ఇక్కడ ఉండాలి. చీటీ ఉంచండి. ఏం జరిగిందో ఈయన చేతే రాయించండి."

బిళ్ళను నేనే చెరిపాను. పాత చీటీ గీకేసి, కొత్తది అతికించాను. ఎలియా కొత్త మూకుడు కొని మా కోసం చేసిన మండాజీలను జోగారావు అనే నేను చెత్తలో పోశాను, బాగున్నాయని అబద్ధం చెప్పాను. చొక్కా బొత్తామంత బిళ్ళ మీద ఇదంతా పట్టలేదు. అట్టముక్క జోడించాల్సి వచ్చింది. ఇప్పుడు శిక్షణకు వచ్చేవాళ్ళు నలభై ఒకటో బిళ్ళ కోటు అడుగుతారు, అక్కడ అట్టముక్క ఉంటుంది. "ఇంతేనా? మిఠాయి పారేసినందుకేనా?" అంటారు కొందరు. కొందరు ఏమీ అనరు. చదివి, తమ చేతులవైపు చూసుకుంటారు. వాళ్ళు ఏమవుతారో నాకు తెలియదు. ఏడుపు మాత్రం రాదు.

ఆ రోజు బయటికి వస్తూ ఉపెందోతో అన్నాను. "మేడం, యువర్ బాక్స్. మై హౌస్."

మర్నాడు పొద్దున్న వచ్చింది. గూట్లో గ్లాసు లేదు. భ్రమరాంబ దాన్ని కడిగి మా గ్లాసుల్లో కలిపేసిందట, ఏది ఏదో నాకు తెలియకుండా. ఉపెందోను తిన్నగా వంటింట్లోకి తీసుకొచ్చి కుర్చీ వేసింది. ఆ గడప దాటి బయటివాళ్ళు రావడం నాకు తెలిసి అదే మొదలు. మైదా, కొబ్బరికాయ ముందు పెట్టి, చేసి చూపించమన్నట్టు సైగ చేశాను.

"నేను చేయను," అంది ఉపెందో. "మీరు చేయండి. నేను చెబుతాను."

నా జన్మలో పొయ్యి ముట్టినవాణ్ణి కాదు. అరవై ఏడేళ్ళ వయసులో నేల మీద కూర్చుని పిండి కలిపాను.

"గట్టిగా పిసకండి, అదేం మీ బిళ్ళ కాదు విరిగిపోవడానికి," అంది భ్రమరాంబ. ఆ మాట గుండీలో ఎలా వినిపించిందో గానీ ఉపెందో మొదటిసారి కొద్దిగా నవ్వింది. వెంటనే ముఖం పక్కకు తిప్పుకుంది.

మూకుడులోంచి తీసిన మొదటిదాన్ని తిన్నాను. అది మా బూరె కాదు. లోపల ఖాళీగా, పైన మెత్తగా, కొబ్బరిపాల కమ్మదనంతో వేరేగా ఉంది. తొమ్మిదేళ్ళ కిందట, బాగున్నాయని ఏ రుచీ తెలియకుండా అన్నాను. ఇప్పుడు తెలిశాక అనడానికి నోరు రాలేదు. ఉపెందో నేను నమలడం చూస్తూ కూర్చుంది. క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ ఆమెనే ఏదో ఇమ్మన్నట్టు కదా.

వీధిలో బండి చప్పుడైంది. నూకాలు ఇప్పుడు బాగా వంగిపోయింది. రెండు మండాజీలు పట్టుకుని వెళ్ళాను. "లోపలికి రావే, కూర్చుని తిందువు గాని."

"ఒగ్గీండి బాబూ. ఈ ఒయసులో మీ గడపెక్కి నానేటి సేసుకుంటాను?" ఒకటి తీసుకుని కొరికింది. "ఆ కుప్పలో ఏసినవేనేటి ఇవి? నాకియ్యడానికి ఇన్నాళ్ళకి కుదిరిందా?" అంది. నములుతూ తల ఊపింది. "పంసదార తక్కువేసినారు. ఎల్లయ్య బాబు ఒకపాలి నాకెట్టినాడు, ఆయనైతే ఇలాగ సెయ్యడు."

మెట్ల కింద అరలోంచి డబ్బా తీశాను. క్లిప్పులు నేల మీద పోసి, డబ్బా కడిగి, తుడిచి, మండాజీలు పేర్చాను. పసుపు మూత పడలేదు. భ్రమరాంబ పైదొకటి తీసి ఉపెందో చేతిలో పెట్టింది. అప్పుడు పడింది.

ఉపెందో రెండు చేతులతో అందుకుంది. "అమ్మకి ఏం చెప్పమంటారు?"

"ఉన్నది చెప్పమ్మా."

ఆమె కాసేపు ఆ మూత మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడింది. తర్వాత డబ్బాను సంచిలో, బట్టల మధ్య, ఒరగకుండా పెట్టుకుని గడప దాటింది.

ఖాళీ డబ్బా ఇవ్వకూడదని మా పెద్దలు చెప్పారు. ఇంత ఆలస్యం చేయకూడదని ఎవరూ చెప్పలేదు. అది కూడా చెప్పాల్సి వస్తుందని అనుకుని ఉండరు.